దొంగవేలు

మా అన్న రేవణసిద్ధప్ప నా పెళ్లికి పిల్లను చూడడానికి ఒక పూట తీసుకున్నాడు. అందులో సగం భోజనానికే పోయింది. అదే అన్న మా కుక్క హంసకు జత చూడడానికి పదకొండు నెలలు తీసుకున్నాడు.

ఈ మాట నేను ఎప్పుడన్నా మా ఆవిడ చెన్నమ్మ నవ్వదు. "నా పండ్లు జూసి పోయుంటె, కొరుకుతనని మీ అన్నకు అప్పుడే తెలుస్తుండె" అంటుంది.

జహీరాబాద్ బజారులో మాది బెల్లం దుకాణం. అన్న పెద్దవాడు కనుక కుక్కలను చూసుకునేవాడు. నేను చిన్నవాణ్ని కనుక బెల్లం చూసుకునేవాణ్ని. తిండి బెల్లం పెట్టేది, పేరు కుక్కలు తెచ్చేవి. నలుగురిలో నన్ను ఎవరైనా పరిచయం చేయాలంటే "కుక్కల రేవణసిద్ధప్ప తమ్ముడు శంకరప్ప" అనేవారు. బెల్లం మాట ఎవరూ ఎత్తేవారు కాదు. దీని మీద నాకు కోపం ఉండేది, ఇప్పటికీ కొంచెం ఉంది.

మేము లింగాయతులం. మాంసం మా గడప దాటి లోపలికి రాదు. అలాంటి ఇంట్లో వేటకుక్కలు ఎందుకున్నాయంటే, మా తాత కాలంలో ఒక గుర్రాల వర్తకుడు జ్వరంతో మా ఇంట్లో పది రోజులు పడుకుని, లేచి పోతూ పోతూ ఒక ఆడ కుక్కపిల్లను ఇచ్చి పోయాడు. పొడవు కాళ్లు, వీపుకు అంటుకున్న కడుపు, సన్నని మూతి. దాని సంతానమే తల్లి నుంచి కూతురికి, కూతురి నుంచి మనవరాలికి మా ఇంట్లో ఆరు తరాలు నడిచింది.

ఇంట్లో వాటికి జొన్నరొట్టె, మజ్జిగ. దానితో వేటకుక్కకు సత్తువ రాదని మా అన్నకూ తెలుసు. అందుకని వారానికి రెండు రోజులు నేను వాటిని మొగుడంపల్లి దారిలో నాగమ్మ మంద దగ్గరికి తోలుకుపోయేవాణ్ని. నాగమ్మ గొర్రెలు కాస్తుంది. మొగుడు పోయినా మందను ఒక్కతే నిలబెట్టుకున్న మనిషి. అక్కడ మా కుక్కలు ఏం తినేవో మేం అడిగేవాళ్లం కాదు, ఆమె చెప్పేది కాదు. తిరిగి రాగానే మా వదిన పార్వతమ్మ వాటి మీద రెండు బిందెల నీళ్లు కుమ్మరించి, నుదుట విభూతి పెట్టి లోపలికి రానిచ్చేది. విభూతిని నాకడానికి అవి చాలా కష్టపడేవి. నాలుక అందేది కాదు.

మా అన్న వేట కూడా చూడడు. ప్రాణం పోయేచోట నిలబడకూడదని ఆయన నియమం. చుట్టుపక్కల పటేళ్లు మా కుక్కలను వేటకు తీసుకుపోయినప్పుడు తానూ వెంట వెళ్లేవాడు. కుక్కను వదలగానే వెనక్కి తిరిగి నిలబడేవాడు. అంతా అయిపోయాక "ఎట్ల ఉరికింది?" అని అడిగేవాడు. వాళ్లు చెప్పింది విని తల ఊపేవాడు.

వాళ్లు చెప్పేది ఎప్పుడూ ఒకటే. ఇతరుల కుక్కలు చెవులపిల్లిని, అంటే కుందేలును, పట్టి అక్కడే చీల్చి తింటాయి. మా కుక్కలు పట్టినదాన్ని పన్ను దిగకుండా తెచ్చి కాళ్ల దగ్గర పెడతాయి. ఎంత దూరం ఉరికినా తిరిగి వస్తాయి. బీదర్ నుంచి గుల్బర్గా దాకా మా కుక్కలకు ఉన్న పేరు ఇదే. ఇది జొన్నరొట్టె మహిమ అని మా అన్న గట్టిగా నమ్మాడు. సాత్వికమైన తిండి తిన్న కుక్కకు సాత్వికమైన గుణం వస్తుందని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. వాళ్లు ఇళ్లకు పోయి తమ కుక్కలకు జొన్నరొట్టె పెట్టేవారు. అవి చెవులపిల్లులను చీల్చడం మానలేదు.

జత చూడడంలో ఆయన పద్ధతి వేరు. మగకుక్కను తర్వాతే చూసేవాడు. ముందు దాని తల్లిని చూడాలనేవాడు. తల్లి బతికి లేకపోతే ఆ సంబంధం అక్కడికే వదిలేసేవాడు. చెవిని దీపానికి అడ్డం పెట్టి వెలుతురు అవతలికి కనిపిస్తుందా లేదా అని చూసేవాడు. నడుం ఎముకల మధ్య మూడు వేళ్లు ఆనించేవాడు. హంసకు ముందరి కాళ్లు కొంచెం బయటికి తిరిగి ఉంటాయి కనుక, అదే లోపం ఉన్న ఇంటికి పోకూడదు. రెండు వైపులా ఒకే లోపం ఉంటే అది పిల్లల్లో రెట్టింపవుతుందట. చివరికి వంశం. అరుగు మీద కూర్చుని, కళ్లు మూసుకుని, హంస తల్లి చందా, చందా తండ్రి బీదర్ కోట కింది సర్దార్, చందా తల్లి బిజిలీ అని గుర్రాల వర్తకుడి దాకా ఏకధాటిగా చెప్పేవాడు. కాగితం మీద ఒక్క అక్షరం లేదు. మగకుక్క యజమాని కూడా అలాగే చెప్పాలి. ఎక్కడైనా తడబడితే మా అన్న మజ్జిగ తాగి లేచి వచ్చేవాడు.

నేను చెబుతున్నది నలభై మూడో సంవత్సరం సంగతి. హంసకు ఎనిమిదేళ్లు. అది పెట్టిన ఆడపిల్లల్లో ఒకదాన్ని పాము కరిచింది, ఒకటి జ్వరంతో పోయింది. ఇంక ఒక్క ఈత ఈనితే ఈనుతుంది. ఈ ఈతలో ఒక మంచి ఆడపిల్ల నిలవకపోతే తాత నుంచి వచ్చిన తీగ తెగిపోతుంది. అందుకే పదకొండు నెలలు పట్టింది. చివరికి కోహీర్‌లో మదన్‌మోహన్ పటేల్ ఇంట బాద్‌షా అనే కుక్క నచ్చింది. బాద్‌షా తల్లి వంటింటి గుమ్మంలో పడుకుని ఉంది. మా అన్న దాని ముందు అరగంట కూర్చున్నాడు. పటేల్ పెట్టిన మామిడిపండ్ల వైపు చూడలేదు. నేను చూశాను.

కట్టుబాటు ఏమిటంటే, మగకుక్కను ఇచ్చినవాళ్లకు మొదటి పిల్ల, మేపినందుకు నాగమ్మకు ఒక మగపిల్ల. ఇక ఎదకు వచ్చిన రోజు నుంచి పద్నాలుగు రోజులు ఆడకుక్క నాగమ్మ మంద దగ్గరే ఉండి బలంగా తినాలి. పదిహేనో రోజు ఇంటికి తెచ్చి, నీళ్లు పోసి, విభూతి పెట్టి, మగకుక్కను రప్పించి ఇద్దరినీ కొట్టంలో వదిలి తలుపు వేయాలి. మా నాయన పెట్టిన లెక్క అది. తలుపు వేశాక చూడడం మర్యాద కాదని మా అన్న తలుపుకు వీపు ఆనించి కూర్చునేవాడు. సాయంత్రం తలుపు తీసేవాడు. ఎప్పుడు తీసినా ఆడకుక్క ఒక మూల, మగకుక్క ఇంకో మూల పడుకుని ఉండేవి. "సిగ్గుగల కుక్కలు" అని వీధిలో బెల్లం పంచేవాడు. బాద్‌షా వచ్చినప్పుడూ అంతే. బెల్లం మాత్రం నాది.

రెండు నెలల తర్వాత హంస నాలుగు పిల్లలను పెట్టింది. రెండు ఆడ, రెండు మగ. మా అన్న అయిదో రోజు దాకా వాటిని ముట్టుకోలేదు, అది కూడా నియమమే. అయిదో రోజు పొద్దున ఒక ఆడపిల్లను అరచేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. వెనకకాలు పట్టుకుని ఆగిపోయాడు. దాన్ని కింద పెట్టి రెండోదాన్ని, మూడోదాన్ని, నాలుగోదాన్ని చూశాడు.

నాలుగింటికీ వెనకకాళ్ల మీద, మడమకు కొంచెం పైన, ఒక ఎక్కువ వేలు వేలాడుతోంది. దాన్ని మా అన్న దొంగవేలు అంటాడు. మంచి వంశంలో అది పుట్టదని, ఎక్కడో దొంగరక్తం కలిస్తేనే వస్తుందని ఆయన లెక్క.

"ఎక్కడిదో నాకు తెల్వదు" అన్నాడు చేతులు కడుక్కుంటూ. "బాద్‌షాకు లేదు, వాని తల్లికి లేదు. హంసకు లేదు. శంకరప్పా, వీటిని వాగు దాటించు."

మా ఇంట్లో జీవహింస లేదు. చీమలకు పిండి చల్లే ఇల్లు మాది. కుక్కపిల్లలు పనికి రావనుకుంటే వాటిని వాగు అవతలి గట్టున పెట్టి రావడమే. తర్వాత నక్కలు ఏం చేసుకుంటాయో అది నక్కల సంగతి. ఆరేళ్ల కింద ఒకసారి మూడు పిల్లలను నా చేతులతోనే దాటించాను. వెనక్కి వస్తుంటే సగం వాగు దాకా వాటి గొంతులు వినిపించాయి. ఆ రోజు నుంచి మా అన్న నియమాలంటే నాకు అసహ్యం. ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు, పెద్దవాడని.

"అన్నా, తీగ తెగిపోతది కద" అన్నాను.

"తెగనీ. ముడేసిన తీగ నాకొద్దు."

వదిన కొట్టం తలుపు వేసింది. హంస లోపలి నుంచి గోళ్లతో గీకుతోంది. నేను బుట్ట మీద తుండుగుడ్డ కప్పుకుని బయల్దేరాను.

వాగుకు పోయే దారి నాగమ్మ మంద పక్క నుంచే. ఆమె గొర్రెల మధ్య నిలబడి నన్ను చూసింది.

"చిన్నప్పా, బుట్టల ఏముంది?"

"ఏం లేదు."

"ఏం లేంది కుయ్‌కుయ్ అంటదా?" దగ్గరికి వచ్చి గుడ్డ తీసింది. ఇంక దాచేదేముంది, జరిగింది చెప్పాను. ఆమె ఒక పిల్ల కాలు పట్టి చూసి, "దీనికా?" అంది. "ఇది కర్రెగాని వేలు."

"కర్రెగాడెవడు?"

ఆమె చెయ్యి చూపించింది. ఒక నల్లని పొడుగు కుక్క కుంటి గొర్రె పక్కన పడుకుని ఉంది. మా కుక్కలంత నాజూకు లేదు గాని, అవే కాళ్లు, అదే మూతి. వెనకకాళ్ల మీద ఎక్కువ వేళ్లు.

నేను గట్టు మీద కూలబడ్డాను. నాకు ముందు గుర్తొచ్చింది ఆ పాత మూడు పిల్లలు. "నాగమ్మా, ఆరేండ్ల కింద మూడింటిని గిట్లనే ఆ గట్టున పెట్టిన. నీకేమన్న దొరికినయా?"

"నేను పొయ్యేవరకు ఏం లేకుండె" అంది ఆమె. నన్ను ఊరడించడానికి ఇంకో మాట కలపలేదు. బుట్ట నెత్తిన పెట్టుకుని, మందను కర్రెగాడికి వదిలి, జహీరాబాద్ వైపు నడిచింది. నేను ఆమె వెనక నడిచాను.

మా అన్న అరుగు మీద ఉన్నాడు. నాగమ్మ అరుగు కింద నేల మీద కూర్చుని బుట్ట ముందు పెట్టుకుంది.

"అప్పా, ఇవి కర్రెగాని పిల్లలు. నేనే కలిపిన."

మా అన్న బుట్టలోకి వంగి చూశాడు.

"హంస తండ్రి గుడ నువ్వు తెచ్చిన కుక్క గాదు. నా బోడిగాడు. చందా తండ్రి నీ బీదర్ సర్దార్ గాదు, నా నాలుక్కండ్లోడు. మీ నాయన ఉన్నప్పటి సంది గింతే. మొదటిపారి నాకు తెల్వకుంటనే అయింది. శాన భయపడ్డ. పిల్లలు మంచిగైనయి. ఇగ ఆ తర్వాత తెలిసే జేసిన."

"అబద్ధం" అన్నాడు అన్న, మెల్లగా.

"ఆడకుక్క పదో దినం నుంచి పదమూడు దాంక ఒప్పుకుంటది. ఆ దినాలల్ల నా మంద కాడుంటది. పదిహేనో దినం నువ్వు మొగకుక్కను దెస్తవు. అదెట్ల ఒప్పుకుంటది అప్పా?"

"కొట్టంల మరి..."

"కొట్టంల ఏమైతదో నువ్వు ఎన్నడన్న జూసినవా?"

చూడలేదు. ఇరవై ఏళ్లుగా తలుపుకు వీపు పెట్టి కూర్చున్న మనిషి. నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. ఆయన మొహం జాలిపడేలా ఉంది.

మా అన్న నాగమ్మ వైపు తిరిగి అడిగాడు. "నువ్వెట్ల జూస్తవు? ఏం జూసి కలుపుతవు?"

నాగమ్మకు ఈ ప్రశ్న ఇంతవరకు ఎవరూ వేసినట్టు లేదు. కొంగు సర్దుకుని ఆలోచించింది. "తోడేలు వస్తె అన్ని కుక్కలు ఉరుకుతయి. ఉరికి, మళ్ల మంద కాడికి మర్లొచ్చేది ఏదో జూస్త. కొన్ని తోడేలు ఎంబడి పోతనే ఉంటయి, ఇంకో తోడేలు ఇటు దిక్కు వస్తది. గొర్రెపిల్ల ఒంటి మీదికెక్కి తొక్కినా మూతి తిప్పుకోని పండేది ఏదో జూస్త. ఈనిన గొర్రె కాడ పడ్డ మాయ తింటది గని పిల్లను ముట్టనిది. అట్లాంటిదాన్ని రెండేండ్లు జూసినంక కలుపుత. కన్నడపోళ్ల మందలల్ల మంచిదుంటె అడిగి తెచ్చుకుంట. అన్నకు చెల్లెకు కలపను."

"పట్టి చీల్చకుండ తెచ్చిచ్చుడు..."

"మూతి మెత్తగున్నదాన్నే కలిపినం కద" అంది నాగమ్మ.

జొన్నరొట్టె మహిమ అంతటితో అయిపోయింది. మా అన్న లేచి, బుట్ట తీసుకుని, కొట్టం తలుపు తీసి లోపల పెట్టాడు. ఏం తేల్చాడో చెప్పలేదు. "రేపు పటేల్ వస్తడు. నువ్వు గుడ రా" అని మాత్రం నాగమ్మతో అన్నాడు.

మర్నాడు పొద్దున మదన్‌మోహన్ పటేల్ టాంగాలో దిగాడు. మొదటి పిల్లను ఎంచుకునే హక్కు ఆయనది. నేను బుట్ట తెచ్చి అరుగు మీద పెట్టాను. నాగమ్మ అరుగు కింద కూర్చుని ఉంది.

"అచ్చం మా బాద్‌షా మూతి" అన్నాడు పటేల్ సంతోషంగా. కళ్లు తెరవని నాలుగు కుక్కపిల్లల్లో ఆయనకు ఆ మూతి ఎలా కనిపించిందో గాని కనిపించింది.

"బాద్‌షాయి గావు పటేల్ సాబ్" అన్నాడు మా అన్న. వేళ్లు చూపించాడు. కర్రెగాడి సంగతి, పదో దినం సంగతి, కొట్టం సంగతి ఒకటి కూడా మిగల్చకుండా చెప్పాడు. వింటుంటే నా చెవులు కాలిపోయాయి.

పటేల్ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, అటూ ఇటూ చూశాడు. "మరి మా బాద్‌షా కొట్టంల పొద్దంత ఏం జేసినట్టు?"

"పండుకున్నడు" అంది నాగమ్మ.

పటేల్ మొహం ఎర్రబడింది. గొంతు తగ్గించాడు. "జర మెల్లగ, సావుకారీ. ఇది ఎందరికి తెలుసు? మీ ఇంటోళ్లకు, ఈమెకు, నాకు. నా కుక్క ఇజ్జత్, మీ ఇంటి ఇజ్జత్ ఒకటే ఇప్పుడు. ఆ వేళ్లు కత్తిరిస్తె రెండు దినాలల్ల మానిపోతయి. బాద్‌షా పిల్లలని చెప్పుండ్రి. నేను రెండు తీస్కపోత, మీకు రెండు. ఖతం."

నాకు ప్రాణం లేచి వచ్చింది. పిల్లలు బతుకుతాయి, పరువు నిలుస్తుంది, నేను వాగు దాకా పోనక్కర్లేదు. ఒప్పుకో అన్నా, ఒప్పుకో అని లోపల్లోపల మొక్కుకున్నాను.

"చెప్పొచ్చు" అన్నాడు మా అన్న. "చెప్పినంక, రెండేండ్లకు వీటికి జత చూడాలె. నా మాట నమ్మినోళ్లు బాద్‌షా బిడ్డలని వీటిని మీ ఇంటి కుక్కలకు దూరం పెడతరు. కర్రెగాని తమ్మునికో, వాని కొడుకుకో తెల్వక ఇచ్చేస్తరు. మూడో ఈతకు గుడ్డివి, కుంటివి పుడతయి. నోటి మాట మీద నడిచే పని పటేల్ సాబ్. తండ్రి పేరు తప్పు చెప్తె ఇగ నేను చూసేదేం లేదు."

"ఇన్నేండ్లు తప్పే చెప్పిన్రు కద."

"తెల్వక చెప్పిన. ఇప్పుడు తెలిసింది."

పటేల్ లేచాడు. "నాలుగు తాలూకాలల్ల చెప్త. కుక్క కోసం మీ గడపకు ఒక్కడు రాడు."

"చెప్పుండ్రి" అన్నాడు మా అన్న. "పేరు మాత్రం సరిగ్గ చెప్పుండ్రి. కర్రెగాడు."

పటేల్ టాంగా ఎక్కాడు. గుర్రం మలుపు తిరుగుతుంటే నేను ఆ వైపే చూస్తున్నాను. ఆ టాంగాలో మా ఇంటి పేరు కోహీర్ వైపు పోతోంది. నాకు ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో సగమే చెప్పగలను. బుట్టలో నాలుగూ ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి.

"నాగమ్మా, కర్రెగాని తల్లి పేరేంది?" అన్నాడు మా అన్న.

"మాళి. కన్నడపోళ్ల మందల నుంచి తెచ్చిన."

"దాని తల్లి?"

"ఆ సంగతి వాండ్లనే అడగాలె. ఎండకాలం వస్తరు."

"వచ్చినప్పుడు కబురుజెయ్యి. బోడిగాని తల్లి?"

ఆమె చెప్పింది. మా అన్న ఆ పేరును రెండుసార్లు పెదవుల మీద అనుకున్నాడు. మూడో పేరు దగ్గర తప్పిపోయాడు, మళ్లీ మొదటికి వచ్చాడు. నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆయన వంశం చెబుతూ తడబడడం వినలేదు. ఇంకోసారి ప్రయత్నించి, అక్కడే ఆగిపోయాడు. అప్పుడు అరుగు దిగి, ధోవతి సర్దుకుని, నాగమ్మకు ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"జర నిమ్మలంగ చెప్పు నాగమ్మా" అన్నాడు. "మొదటి సంది."